సంచిలో కంజీర

ఆ వార్త చెప్పినాయన చావు సంగతితో మొదలుపెట్టలేదు. "మేడమ్, రేపు కచేరీకి ఘటం ఎవరిని పిలిచేది?" అన్నాడు ఫోనులో. ఉత్తర మద్రాసులో ఒక చిన్న సంగీత సభకు ఆయన కార్యదర్శి. పప్పుల మండీ కొడుకులకు అప్పగించి సంగీతం మీద పడ్డ పెద్దమనిషి.

"కొత్తగా అడగతా ఉండారే. మనవాడు ఉండాడు గదా" అన్నాను.

"ఆయన పొద్దున పోయినాడు మేడమ్. స్నానం చేసి వచ్చి కుర్చీలో కూచున్నాడంట. అంతే. గుండె." ఒక ఊపిరి తీసుకుని అదే గొంతుతో సాగించాడు. "రేపు ఘటం, ఎల్లుండి నాట్యానికి మోర్సింగు, ఆదివారం భజనకు డోలకు, దాని తర్వాత కంజీర. అన్నిటికీ ఆయనకే చెప్పి పెట్టినా. ఇప్పుడు నలుగురిని వెతకాల. ఉన్నట్టుండి ఎవురు దొరకతారు చెప్పండి."

ఒక మనిషి పోతే నలుగురిని వెతుక్కోవలసి రావడం గొప్పే అనుకోవాలేమో. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఫోను పెట్టేసి కాసేపు ఆ కార్యదర్శిని తిట్టుకున్నాను. తర్వాత ఏడుపొచ్చింది. ఏడుపు ఆగాక భయం పట్టుకుంది. ఎందుకంటే అతని భార్యకు నేను చెప్పవలసిన మాట ఒకటి ఎనిమిదేళ్లుగా నా దగ్గర ఉండిపోయింది. అతను బతికున్నన్నాళ్లూ అతనికే క్షమాపణ చెప్పుకుంటే సరిపోతుందిలే అని వాయిదా వేశాను. ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది. ఇక ఆమెకైనా చెప్పుకోవాలి.

అతని పేరు రాయను. రాస్తే మీలో నూటికి తొంభైతొమ్మిది మందికి తెలియదు, తెలిసినవాళ్లకు రాయకపోయినా తెలుస్తుంది.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. నేను వయొలిన్ వాయిస్తాను. వయొలిన్ తప్ప ఇంకేదీ వాయించను. చిన్నప్పుడు ఎదురింట్లో వీణ ఉంటే సరదాగా మీటి వచ్చానని మా నాన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పెళ్లిళ్లలో సినిమా పాటలు వాయించమంటే వాయించలేదు, స్టూడియోలకు రమ్మంటే వెళ్లలేదు. నలభై ఏళ్లుగా పెద్ద పేరు రాలేదు గాని, చెడ్డ పేరూ రాలేదు. నా నోరు మంచిది కాదని మాత్రం అందరూ అంటారు. అది నిజమే.

మా సంగతి తెలియనివాళ్లకు కచేరీ వేదిక ఎలా ఉంటుందో చెప్పాలి. మధ్యలో పాడేవాళ్లు. వాళ్లకు ఎడమవైపు వయొలిన్, కుడివైపు మృదంగం. ఈ ముగ్గురూ ముందు వరస. ఘటం, కంజీర, మోర్సింగ్ వెనక కూర్చుంటాయి. వెనక కూర్చున్నవాళ్ల ముఖం సగం హాలుకు కనబడదు. ముందు వరసవాళ్లు వెనక వరసలోకి పోరు. వెనకవాళ్లను ముందుకు ఎవరూ రానివ్వరు. ఇది ఎక్కడా రాసి ఉండదు, అందరికీ తెలుసు.

అతను నేర్చుకున్నది మృదంగం. రాయపురంలో ఒక పెద్దాయన దగ్గర పన్నెండేళ్లు, వాళ్ల ఇంట్లోనే ఉండి, నీళ్లు మోసి, చేపల మార్కెట్టు హోరులో తాళం వేసి నేర్చుకున్నాడు. కాని నేను చూసేటప్పటికే వెనక వరసలో ఉన్నాడు. ఒకరోజు ఎవరో ఘటం ఆయన రాకపోతే ఇతను కూర్చున్నాడట. బాగుందన్నారు. ఇంకోరోజు కంజీర ఆయన రాలేదు. అదీ బాగుందన్నారు. అలా ఊళ్లో ఎవరు రాకపోయినా అతన్నే పిలవడం మొదలైంది. తనకు తానే 'స్టెప్నీ' అని పేరు పెట్టుకున్నాడు. "బండి ఏదైనా సరే, నేను సరిపోతానక్కా" అనేవాడు.

సన్నటి మనిషి. చేతులు మాత్రం పెద్దవి. ముందు పన్ను ఒకటి మూల విరిగి ఉండేది. ఇనప మోర్సింగ్‌ను పళ్లకు ఆనించి మీటాలి కదా, నేర్చుకునే రోజుల్లో విరిగిందట. భుజాన ఎప్పుడూ ఒక కాకీ గుడ్డ సంచి. అందులో తడిగుడ్డలో చుట్టిన కంజీర అనే చిన్న తోలు పలక, అగ్గిపెట్టెలో మైనం ముద్ద, నాలుగు మోర్సింగులు, ఒక జత తాళాలు, గజ్జెలు, తంబురా పెట్టెకు బ్యాటరీలు, నా బోటివాళ్లకు తలనొప్పి మాత్రలు. ఒకసారి నా కమానుకు రాసుకునే రోజిన్ బిళ్ల మరిచిపోయి వస్తే అదీ ఆ సంచిలోంచే తీసి ఇచ్చాడు.

"నువ్వు వయొలిన్ కూడా మొదలుపెట్టినావా ఏంది?" అన్నాను.

"లేదక్కా. మీరెవురన్నా మరచిపోతే అని."

వేదిక ఎక్కగానే అతని కళ్లు ఒక చుట్టు తిరిగేవి. మైకులు ఎన్ని, చాపలు ఎన్ని, నీళ్ల సీసాలు పెట్టారా, ఎవరు ఇంకా రాలేదు. అది చూసుకున్న తర్వాతనే ఏ వాద్యం బయటికి తీయాలో నిర్ణయించుకునేవాడు. జాగా లేకపోతే చెప్పకముందే తన చాప తనే వెనక్కి లాక్కునేవాడు. ఎవరైనా కంగారు పడితే ఒకటే మాట, "నేను చూసుకుంటాలే." ఆ మాట విని విని మేమందరం కంగారు పడటమే మానేశాము. ఏర్పాట్లు సగం చేసి మిగతా సగం అతనికి వదిలేసేవాళ్లం.

అతని చేతుల గురించి చెప్పాలి. ఘటం మట్టికుండ, దాని మీద వాయిస్తే వేళ్ల చివర్లు గట్టిపడతాయి. మృదంగానికి మెత్తటి వేళ్లు కావాలి. అందుకని కచేరీ అయిన ప్రతిసారీ హోటలువాణ్ణి అడిగి గిన్నెడు వేడినీళ్లు తెప్పించుకుని చేతులు నానబెట్టుకునేవాడు. కొబ్బరినూనె రాసి ఒక్కో వేలూ లాగేవాడు. "మృదంగానికి పిలవనే పిలవరు, ఎందుకయ్యా ఈ సేవ?" అని నేను ఎగతాళి చేసేదాన్ని. అతను నవ్వి ఊరుకునేవాడు. ఇప్పుడు రాస్తుంటే నా నోరు ఎంత చెడ్డదో నాకే తెలుస్తోంది.

మా ఆయన అంబత్తూరులో ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరుగా పనిచేసేవారు. ఒక ఆయుధపూజకు కుటుంబాలను కూడా పిలిచారు. యంత్రాలకు గంధం బొట్లు, పసుపు పూసిన బూడిద గుమ్మడికాయలు, మరమరాలు, శనగలు. షెడ్డు ముందర స్టేజి కట్టి సినిమా పాటల బృందాన్ని పెట్టారు. చూస్తే అందులో మనవాడు. మెరిసే చొక్కా వేసుకుని, నల్లటి రబ్బరు పలక లాంటిదాని ముందు నిలబడి పుల్లలతో వాయిస్తున్నాడు. విరామంలో నన్ను చూసి దిగి వచ్చాడు.

"ఇదేం వేషమయ్యా" అన్నాను.

"ప్యాడ్ అక్కా. దీంట్లో అన్నీ ఉండాయి. ఈ మూల తడితే తబలా, ఆ మూల తడితే డోలకు."

"మృదంగం ఉండాదా?"

నన్ను స్టేజి పక్కకు తీసుకుపోయి ఒక గడి మీద వేలితో తట్టాడు. మృదంగం లాంటిదేదో వినబడింది. "ఉండాది. కాని చచ్చిపోయుండాది" అని విరిగిన పన్ను కనబడేలా నవ్వాడు.

నాకు కోపం ఆగలేదు. పన్నెండేళ్లు గురువు దగ్గర కూర్చున్నది ఇందుకా, అన్నిట్లో వేలు పెట్టేవాడికి ఏదీ చేతికి రాదు, ఒకటి పట్టుకుని నిలబడితే ఎప్పటికైనా ఊరు నీ దగ్గరికి వచ్చేది కదా అని అక్కడే, శనగల పొట్లం చేత్తో పట్టుకుని, ఉపన్యాసం ఇచ్చాను. అంతా విన్నాడు.

"మృదంగం వాయించేవాళ్లు ఈ ఊళ్లో వీధికి పదిమంది ఉండారక్కా. ఘటం అయితే పేటకు ఒకడు. మోర్సింగు అయితే ఊరికే నలుగురు. ఇంట్లో బిడ్డలు అన్నం తినేటప్పుడు ఇది ఏ వాద్యం అన్నం అని అడగరు గదా." తర్వాత కొంచెం దూరంలో ఎవరితోనో మాట్లాడుతున్న మా ఆయన వైపు చూశాడు. "సార్‌కు నెల పుట్టగానే ఈడ సంబళం వస్తాది. అందుకని మీరు వయొలిన్ ఒక్కటే పట్టుకోని ఉండగలిగినారు. నేను తప్పుగా చెప్పలేదు గదక్కా?"

ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. ఉంటే నేను తిరిగి ఏదైనా అనేదాన్ని. ఆ రోజు ఇంటికి వచ్చాక మా ఆయనతో సరిగా మాట్లాడలేదు. ఆయన పాపం ఏం చేశారు.

అతనికి నిజంగా బాధ ఉన్నది ఒక్క చోటే. రాయపురం గురువుగారు అతనితో మాట్లాడటం మానేశారు. శిష్యుడు ఘటంతో వెనక కూర్చున్నాడని తెలిసిన రోజు, "వెనక కూచునే శిష్యుడు నాకు లేడు. మృదంగం పట్టుకోని ముందు కూచున్న దినం చెప్పు, వస్తా" అన్నారట. అప్పటినుంచి ప్రతి విజయదశమికీ ఇతను పళ్లు, పంచె తీసుకుని వెళ్లడం, తలుపు తీసిన మనవరాలు "తాతయ్య పడుకున్నారు" అనడం, పళ్లెం కిటికీలో పెట్టి రావడం. పదిహేనేళ్లు. ఈ సంగతి అతను నాకు నవ్వుతూనే చెప్పాడు. చెబుతూ వేళ్లతో తొడ మీద తాళం వేస్తూనే ఉన్నాడు.

ఎనిమిదేళ్ల కిందట మార్గళి కచేరీలకు, అంటే ధనుర్మాసం కచేరీలకు, ఒక గాయని నన్ను పిలిచింది. పాతికేళ్లలోపు పిల్ల, మంచి గొంతు. అప్పుడప్పుడే పేరు వస్తోంది. మధ్యాహ్నం కచేరీ, ఒకటిన్నర గంట. సభ ఈ పప్పుల మండీ ఆయనదే. "మృదంగానికి ఎవరిని పెట్టుకుందాం మామీ, మీరే చెప్పండి" అంది. ఆ సాయంత్రం ఒక నాట్య ప్రదర్శన దగ్గర అతను కలిస్తే ఊరికే ఈ సంగతి చెప్పాను. అతను తాళాలు సంచిలో పెడుతూ ఆగిపోయాడు.

"అక్కా, ఆ మృదంగం నాకిప్పించండి" అన్నాడు.

ఇరవై ఏళ్లలో అతను నన్ను అడిగింది అదొక్కటే. నేను ఆ పిల్లకు చెప్పాను. ఆమె కాస్త తటపటాయించి ఒప్పుకుంది. అతను నలభై రోజులు ఘటం ముట్టలేదు. వచ్చిన నాట్య ప్రదర్శనలు వదులుకున్నాడు. పెరంబూరులో మా ఇంటికి వచ్చి సాధన చేసేవాడు. బొంబాయి రవ్వ తడిపి ముద్ద చేసి మృదంగం ఎడమ మూతికి అద్దేవాడు, ఆ ముద్దతోనే ఎడమవైపు గంభీరంగా పలుకుతుంది. మా వంటింట్లో రవ్వ డబ్బా ఖాళీ అయిందని మా ఆయన వేళాకోళం చేసేవారు.

ఎలా వాయించాడో చెప్పమంటే నాకు చేతకాదు. ఎక్కడ వాయించకూడదో అతనికి తెలుసు. నేను రాగం సాగదీస్తుంటే చెయ్యి మృదంగం మీద ఆనించి ఊరుకునేవాడు, నేను దిగే చోట ఒక్క ఎడమచేతి మోత ఇచ్చేవాడు. ఒకరోజు అలా ఇచ్చినప్పుడు నేను కమాను ఆపేసి అతని వైపు చూస్తూ ఉండిపోయాను. ఇంత చెయ్యి పెట్టుకుని ఇన్నేళ్లు మా వెనక కూర్చున్నావా అనిపించి సిగ్గేసింది. ఆ మాట పైకి అనలేదు. "రవ్వ ఎక్కువైనట్టుండాది" అన్నాను.

కచేరీకి వారం ముందు గురువుగారి మనవరాలు ఫోను చేసిందట. తాతయ్య చక్రాల కుర్చీలో వస్తారు, ముందు వరసలో జాగా పెట్టించండి అని. ఆ సంగతి చెప్పడానికి అతను వ్యాసర్పాడినుంచి మా ఇంటికి నడుచుకుంటూ వచ్చాడు. కాఫీ ఇచ్చాను. తాగడం మరచిపోయి చల్లార్చేశాడు.

"ఆ దినం ఆ సంచి మాత్రం తీసుకురావాకు. మృదంగం ఒక్కటే భుజాన ఉండాల" అన్నాను.

"తీసకరాను అక్కా."

తీసుకొచ్చాడు. ఒక భుజాన మృదంగం, ఇంకో భుజాన ఆ కాకీ సంచి. నేను కళ్లెర్ర చేస్తే, "అలవాటక్కా. ఆ భుజం ఖాళీగా ఉంటే నడక రావడం లేదు" అన్నాడు. కొత్త పంచె కట్టుకున్నాడు. తల నున్నగా దువ్వుకున్నాడు.

గాయని ముక్కు తుడుచుకుంటూ వచ్చింది. రాత్రినుంచి జలుబట. మామూలుగా పాడే ఐదున్నర శ్రుతిలో పైస్థాయి అందడం లేదు, నాలుగున్నరకు దించి పాడతానంది. నాకు అదేం పెద్ద సంగతి కాదు, నాలుగు తీగలూ వదులు చేసుకున్నాను. మృదంగం అలా కాదు. ఒక్కో మృదంగం ఒక్కో శ్రుతికి కట్టి ఉంటుంది. కొంచెం అటూ ఇటూ జరుగుతుంది గాని, అంత కిందికి దిగదు. అతను కొయ్య, రాయి తీసుకుని మూలన కూర్చుని కొడుతూనే ఉన్నాడు. చెమటలు కారుతున్నాయి. దిగింది గాని నాదం చచ్చింది. అట్టపెట్టె మీద కొట్టినట్టుంది.

"నాలుగున్నరది ఇంకోటి ఇంట్లో ఉండాది" అన్నాడు. వ్యాసర్పాడికి వెళ్లి రావడానికి గంట పట్టే దారి. తెర లేవడానికి పావుగంట ఉంది.

అంతకుముందు కచేరీకి మృదంగం వాయించిన కుర్రవాడు అప్పుడే తన వాద్యానికి గుడ్డ కప్పుతున్నాడు. అతనిది సరిగ్గా నాలుగున్నర. కార్యదర్శి వెళ్లి అడిగాడు. మృదంగం వాయించేవాళ్లు తమ వాద్యాన్ని ఇంకొకరి చేతికి ఇవ్వరు. చెయ్యి మారితే నాదం మారుతుందని వాళ్ల నమ్మకం. ఆ కుర్రవాడు మర్యాదగానే చెప్పాడు. "మా గురువుగారు ఎవరికీ ఇవ్వొద్దని ఒట్టు పెట్టించుకున్నారు సార్. కావాలంటే నేను కూర్చుని వాయిస్తాను."

"మరి ఈయన?" అన్నాడు కార్యదర్శి.

అందరం అతని వైపు చూశాం. అతను కొయ్య కింద పెట్టి లేచి నిలబడ్డాడు. ఏదో చెప్పబోయాడు. నోరు తెరిచాడు, నేను చూశాను. కాసేపు ఆగండి అనబోయాడో, బండి మీద ఎవరినైనా పంపండి అనబోయాడో, ఆ కుర్రవాణ్ణి తనే బతిమాలుకుందామనుకున్నాడో. అది ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు. ఎందుకంటే అతనికంటే ముందు నేను మాట్లాడాను.

"నీ సంచిలో కంజీర ఉంటాది గదా" అన్నాను.

కంజీరకు శ్రుతి గొడవ లేదు. ఎవరు ఎక్కడ పాడినా సరిపోతుంది. కార్యదర్శి ముఖం విప్పారింది. గాయని "హమ్మయ్య, థాంక్స్ మామీ" అంది. కుర్రవాడు మళ్లీ గుడ్డ విప్పాడు. అతను నోరు మూసుకున్నాడు. ఒక్కసారి హాలు వైపు తెర సందులోంచి చూశాడు. తర్వాత సంచిలోంచి తడిగుడ్డ తీసి విప్పి, తన చాప తనే వెనక్కి లాక్కున్నాడు.

"నేను చూసుకుంటాలే" అన్నాడు, ఎవరూ ఏమీ అడగకపోయినా.

ఆ మాట నేనెందుకు అన్నాను? అతను ఉత్తచేతులతో ఇంటికి పోకూడదని, ఏదో ఒకటి వాయించి పోతాడని అన్నానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అందులో కొంత నిజం ఉంది. మిగతా నిజం ఏమిటంటే, తీగలు సర్దుకుని కూర్చున్నాను, వేళకు మొదలుపెట్టాలి, ఆ గందరగోళం తొందరగా తెగితే చాలనుకున్నాను. ఏ గందరగోళం వచ్చినా అతని మీదికి తోసెయ్యడం మాకందరికీ అలవాటు.

తెర లేచింది. ముందు వరసలో చక్రాల కుర్చీ ఉంది. గురువుగారు కుడిపక్క కుర్రవాణ్ణి చూశారు. నన్ను చూశారు. ఆ తర్వాత వెనక కంజీరతో ఉన్న అతన్ని చూశారు. మొదటి కీర్తన సగంలో మనవరాలి వైపు చెయ్యి ఊపారు. ఆ అమ్మాయి కుర్చీ తిప్పుకుని నడవలోంచి తోసుకుపోతుంటే చక్రాల చప్పుడు నాకు వినబడింది. అతనికీ వినబడే ఉంటుంది. చెయ్యి తప్పలేదు.

చివర్లో తాళవాద్యాలవాళ్లకు వదిలే సమయం ఉంటుంది. హాలులో సగం మంది కాఫీకి లేచేది అప్పుడే. ఆ రోజు కుర్రవాడు తన వంతు వాయించి అతనికి వదిలాడు. జానెడు కంజీరలోంచి ఏమేమి తీశాడో నేను చెప్పలేను. గుమ్మం దాకా పోయినవాళ్లు వెనక్కి వచ్చి నిలబడ్డారు. పొగడాలో, లేచి పారిపోవాలో తెలియలేదు.

మూడో రోజు పేపర్లో ఆ కంజీరను మెచ్చుకుంటూ రెండు వాక్యాలు వచ్చాయి. ఆ రెండు వాక్యాలతో అతని కథ ముగిసింది. ఊరంతా కంజీరకే పిలిచారు. మృదంగం అడగడానికి అతను మళ్లీ ఎవరి దగ్గరికీ వెళ్లలేదు. గురువుగారు ఆ వేసవిలో పోయారు. వేడినీళ్లలో చేతులు నానబెట్టుకోవడం అతను ఎప్పుడు మానేశాడో నేను గమనించలేదు.

తర్వాతి ఏడాది ఇంకో సభలో నా వయొలిన్ తీగ తెగింది. పాటకు ముందు కాదు, మధ్యలో. పాడుతున్న పెద్దాయన ఆగిపోయి సభవాళ్లతో కబుర్లు చెప్పాడు. నేను తీగ మార్చి శ్రుతి చేసుకునేదాకా పది నిమిషాలు హాలంతా ఓపికగా కూర్చుంది. నీకు ఇంకేమైనా వచ్చునా అని ఎవరూ అడగలేదు. నాకు ఇంకేమీ రాదు కాబట్టి ఆగారు. వెనకనుంచి అతను ఒక మంచి తీగ అందించాడు, సంచిలోంచి. అప్పుడైనా వెనక్కి తిరిగి ఆ రోజుకు క్షమించయ్యా అని ఉండవలసింది. తీగ తీసుకున్నాను.

వ్యాసర్పాడిలో వాళ్ల సందు మొదట్లో షామియానా వేశారు. రైల్వే యార్డులో వ్యాగన్లు గుద్దుకునే చప్పుడు ఆగకుండా వస్తోంది. అతన్ని గాజు మూత ఉన్న ఐసు పెట్టెలో పడుకోబెట్టారు. కచేరీలవాళ్లు ఒక పక్క, నాట్యంవాళ్లు ఒక పక్క, సినిమా పాటల బృందంవాళ్లు ఇంకో పక్క ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. అతను అవతలి గుంపువాడని ప్రతి గుంపూ అనుకున్నట్టుంది. మృదంగంవాళ్లు ఎవరూ రాలేదు. అందరి తరఫునా పెద్ద దండ ఎవరో ఒకరు తెస్తారులే అని ఎవరూ తేలేదు. చివరికి కార్యదర్శి సందు మూల పూలకొట్టుకు మనిషిని పంపాడు.

నేను లోపలికి వెళ్లాను. ఒకటే గది, వెనక వంటిల్లు. అతని భార్య గోడకు ఆనుకుని కూర్చుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు నాకు జాగా ఇచ్చి బయటికి జరిగారు. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చాను. అమ్మా, ఆ మార్గళి కచేరీ రోజు, అని మొదలుపెడదామనుకున్నాను.

ఆమే మొదలుపెట్టింది.

"అక్కా, మీకొక మాట చెప్పాల. ఎవురికీ చెప్పలేదు." గుమ్మం వైపు ఒకసారి చూసింది. "ఆ దినం, వాళ్ల గురువు వచ్చిన దినం, ఈయన రెండు మృదంగాలూ చేతికెత్తుకున్నాడు. పాడే బిడ్డ గొంతు ఎట్ట ఉంటాదో ఏమో, రెండూ ఉండనీ అన్నాడు. నేనే రెండోది దించేసినా. బస్సులో రెండిటితో ఎట్ట పోతావు, ఆ సంచి తగిలించుకో, సాయంత్రం ఎవురన్నా పిలిస్తే ఆడినుంచి ఆడే పోవచ్చు అన్నా. వద్దు వద్దు అంటా ఉన్నాడు. నేనే భుజానికి తగిలించినా."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని మళ్లీ అందుకుంది.

"ఆ బిడ్డకు జలుబు చేస్తే, ఎవురూ అడగకముందే ఈయనే సంచిలోనుంచి కంజీర తీసినాడంట. నేను వెనక కూచుంటా, మీరు కానియ్యండి అన్నాడంట. ఎవురూ ఒక్క మాట అనలేదు, నేనే తీసినా, అదేం పెద్ద సంగతి అనేవాడు నేనెప్పుడు అడిగినా. నేను ఆ సంచి తగిలించకుండా ఉంటే తీసేవాడు కాదు గదక్కా. ఎనిమిదేళ్లుగా నాకు ఇదే ఆలోచన. అన్నం పెడతా ఉంటే కూడా ఇదే. ఆయన నిజం చెప్పినాడో, నాకోసరం అట్ట చెప్పినాడో తెలీదు." ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మీరు ఆడనే ఉండారు గదా. అట్టనే జరిగిందా? ఎవురూ అడగలేదా?"

మాట నాలుక మీదే ఉంది. అంతదూరం దానికోసమే వచ్చాను. ఆమె కళ్లు నా ముఖం మీదినుంచి కదలడం లేదు. బయట కార్యదర్శి ఎవరితోనో నా పేరు చెప్పి, మేడమ్ కూడా వచ్చారు అంటున్నాడు.

"ఎవురూ అడగలేదమ్మా" అన్నాను. "అతనే తీసినాడు."